పీకి చూడని కేబుల్

ఆసుపత్రి కింది అంతస్తులో సర్వర్ల గది. కిటికీల్లేవు. మధ్యాహ్నం మూడింటికి కూడా అక్కడ చీకటే. చలి, ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఇరవై ఏళ్లుగా నాకు అలవాటైన చోటు.

మా పని చెప్పుకోవడానికి చిన్నదే. రోగుల వివరాలన్నీ డిస్కుల పెట్టెలో ఉంటాయి. సర్వర్ నుంచి ఆ పెట్టెకు రెండు కేబుళ్లు, సమాచారాన్ని దారి మళ్లించే రెండు వేర్వేరు స్విచ్‌ల గుండా వేయాలి. ఒక దారి పోతే రెండోది ఆదుకుంటుంది. వేశాక ఒకటి పీకాలి. పైన తెర ముందు కూర్చున్నవాడు "ఉంది" అనాలి. దాన్ని తిరిగి పెట్టి రెండోది పీకాలి. మళ్లీ "ఉంది" అనాలి. అప్పుడే సంతకం.

పోయిన ఏడాది ఇక్కడే మేం ఆ పరీక్ష చేయలేదు.

"లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి కదా, నీతి మేష్టారూ! పద, మీ అక్క అన్నం ముందు కూర్చుని తిట్టుకుంటూ ఉంటుంది" అన్నాడు బావ. సంతకం పెట్టాను. అప్పటికే తొందరలో బావ రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కి తగిలించేశాడు. మూడు వారాలకు అది కాలిపోయింది. ఒక ముసలామెకు ఏ మందు పడదో చెప్పే పేజీ తెరుచుకోలేదు. నర్సు ఆ మందే ఎక్కించింది. ముసలామె పోయింది.

స్విచ్ మార్చే వంకతో బావ రెండో కేబుల్‌ని గుట్టుచప్పుడు కాకుండా సరిచేశాడు. నేను చూశాను. నోరు మెదపలేదు. విచారణ నర్సు మీద పడింది.

విచారణ ఆఖరి రోజుకు ముందు రోజు మళ్లీ ఇక్కడికి వచ్చాను. ఆ సర్వర్‌ని వాడుక నుంచి తప్పించి, మళ్లీ పరీక్షించి రాసివ్వమన్నారు. ఈసారి నిజం రాస్తానని బావకు చెప్పే వచ్చాను.

మొదటిది పీకాను. "ఉంది" అన్నాడు పై నుంచి బావ ఫోనులో. దాన్ని తిరిగి పెట్టి రెండోది పీకాను. "ఉంది. ఇక రాసెయ్యరా. అప్పుడూ ఇలాగే చూశామని రాసెయ్."

"రాయను బావా. ఆ నర్సు పిల్ల ఉద్యోగం పోతుంది."

"నా ఉద్యోగం పోతే మీ అక్కకి ఎవరు పెడతారు? నీ నీతులా?"

నాకో పద్ధతి ఉంది. చివర్లో రెండూ పీకుతాను. అప్పుడు "లేదు" అని వినపడాలి. వినపడకపోతే ముందు విన్న వాటికి విలువ లేదు.

రెండూ పీకాను.

ఫోనులో ఊపిరి మాత్రమే...

"బావా?"

"ఉందిరా..." గుసగుసలాడాడు. "పేజీ తెరిచే ఉంది... ఆ ముసలామెది."

"రెండూ నా చేతిలోనే ఉన్నాయి."

"నాడి అని రాస్తోంది... డెబ్బై రెండు... ఎనభై..."

"ఎవరు రాస్తున్నారు?"

"ఎవరూ లేరు..."

ఫ్యాన్ల హోరు ఆగింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. ప్లాస్టిక్ వాసన పోయి, ఎన్నాళ్లుగానో మార్చని పక్కబట్టల వాసన. చేతిలోని కేబుళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"తొంభై నాలుగు... సంతకం పెట్టి వచ్చెయ్... నీకు దణ్ణం పెడతాను..."

పెట్టాను. పోయిన ఏడాది కూడా ఇలాగే పరీక్షించామని రాసి, కింద సంతకం పెట్టాను. భయంతో పెట్టానని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. పెన్ను పట్టుకున్నప్పుడు నాకు కనిపించింది అక్క మొహం. నర్సు మొహం నేనెప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

నర్సుని తీసేశారు. బావ ఉద్యోగం నిలిచింది. ఆ సర్వర్‌ని విప్పి గోదాములో పడేశారు. బావ తెర మీద ఆ పేజీలో అంకెలు మాత్రం ఆగలేదు. నిమిషానికొకటి.

ఇవాళ బావ ఫోను చేశాడు. ఇప్పుడు వేళాకోళాలు లేవు.

"ఇందాకటి నుంచీ పెరుగుతోందిరా..."

"ఉండు" అన్నాను. గోడ గడియారం చూస్తూ ఎడమ మణికట్టు మీద వేళ్లు పెట్టాను. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"నూట పద్దెనిమిది" అన్నాడు బావ.

నా లెక్క కూడా అంతే.