ఎర్ర బటన్ నొక్కొద్దు

"డీజిల్ జనరేటర్లమ్మే విదేశీ ముఠా ఈసారి బాంబు పెట్టదు," అన్నాడు చీఫ్. "ప్రమాదంలా కనిపించాలన్నదే వాళ్ళ ఎత్తు. కొండవాగు మీది ఆ బుల్లి పవర్‌హౌస్ బాగా నడిస్తే లోయలో ఊరూరా అలాంటివే కడతారు. ఇవాళే కూలిపోతే మళ్ళీ ఆ ఊసెత్తేవాడుండడు. వాళ్ళ గూఢచారి సీతాకోక ఆ ముఠాని వదిలి మనవైపు వచ్చేసింది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

ఏజెంట్ డేగ తలూపాడు. ఆ పవర్‌హౌస్ ఇంజనీరు అతని సొంత అక్క.

ప్రారంభోత్సవానికి లోయ జనమంతా వచ్చి, కొండ మీంచి దిగే లావుపాటి పైపు పక్కనే కూర్చున్నారు. డేగ ఫొటోగ్రాఫర్ వేషంలో లోపలికొచ్చాడు. కెమెరాలో ట్రాన్స్‌మిటర్.

"ఒరేయ్, ఆ గడ్డమేంట్రా? ఎలుగ్గొడ్డులా ఉన్నావ్!" అంది అక్క.

"ష్! నన్ను ఎరగనట్టుండవే."

నల్ల కళ్ళద్దాలు, నీలం సిల్కు గౌను, గుప్పుమనే సెంటు. సీతాకోక పక్కకొచ్చి నిలబడింది.

"వాగు చల్లగా ఉందా?"

"చేతులు కాలేంత చల్లగా," అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

"కరెంటు లైన్ తెంపుతారు. టర్బైన్ పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. వెంటనే నీళ్ళాపే ఎర్ర బటన్ నొక్కించు, అంతా క్షేమం."

చెప్పి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే, హైహీల్స్ చేత్తో పట్టుకుని కొండ పైకి పరుగు! అంతా క్షేమమైతే ఈవిడెందుకు పారిపోతోంది?

"సీతాకోకని పట్టుకోండి!" కెమెరాలోకి గొణిగాడు.

దీపాలు టప్పున ఆరిపోయాయి. టర్బైన్ హోరెత్తింది. అలాంటప్పుడు బటన్ నొక్కడం అక్కకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. డేగ ఆ చేతి మీద ఒక్కటేశాడు.

"వద్దక్కా! నొక్కించమన్నది వాళ్ళే!"

అక్క వాల్వ్ వైపు చూసింది. దాన్ని నిదానంగా మూసే డంపర్‌కి బోల్టుల్లేవు. బటన్ నొక్కితే వాల్వ్ ఒక్కసారిగా మూసుకునేది. అంత నీటికి అలా అడ్డుపడితే పైపు బద్దలై, పక్కనున్న జనమంతా కొట్టుకుపోయేవాళ్ళు.

"అమ్మో!" అంటూ నీటిధారని పక్కకి మళ్ళించే లివర్ అందుకుని వేలాడింది. అది కదల్లేదు. డేగ కూడా వేలాడాడు. కిర్రుమంటూ దిగింది. ధార టర్బైన్‌ని తప్పింది, హోరు తగ్గింది. పైపు ఒకసారి వణికి నిలబడింది.

కొండ మీద సీతాకోక దొరికింది. లైన్ అతికించి, వాల్వ్ బాగుచేశాక లోయలో దీపాలు వెలిగాయి. బయట ఒకటే చప్పట్లు. అక్క మాత్రం వాచిన చెయ్యి చూపించింది.

"కొట్టేముందు నోటితో చెప్పొచ్చుగా వెధవా!"

"చిన్నప్పట్నుంచీ నువ్వు నా మాట ఎప్పుడు విన్నావే అక్కా?"