అమ్మ నోట నాయన మాట

ఆ పొద్దున కూడా అలివేలు రాగి అంబలి గిన్నె తండ్రి ముందు పెట్టి, అలవాటుగా అడిగింది.

"ఉప్పు చాలునా నాయనా?"

తిమ్మరాయప్ప పెదవులు కదిలేలోపే పక్కనున్న తల్లి దొడ్డమ్మ అందుకుంది. "చాలంటాడులే. నువ్వు పని చూసుకో పో."

ఆరేళ్లుగా ఇదే తంతు. అడిగేది ఎవరైనా జవాబు దొడ్డమ్మదే. మొగుడి మాట తన చెవికి తప్ప ఇంకెవరికీ అందదని ఆవిడ నమ్మకం, కొంచెం గర్వం కూడా. ఒకప్పుడు వేప్పనపల్లి పక్కన వాళ్ల మామిడితోటలో ఆయన ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర కూలీలు పలికేవాళ్లు. ఆ గొంతు ఇప్పుడు పక్కింట్లో రేడియో పెడితే మునిగిపోతోంది. పోనీ మొహం చూసి గ్రహిద్దామా అంటే, అందులో కోపమూ లేదు, నవ్వూ లేదు. రెప్ప కూడా సరిగా వాలదు.

ఆ మొహం చూస్తే అలివేలుకు ఒళ్లు మండేది. వైద్యం చేయిస్తానని వాళ్లిద్దరినీ హోసూరులో తన ఇంటికి తెచ్చుకున్నది ప్రేమతో కాదు, నలుగురూ ఏమైనా అంటారని. ఆరేళ్ల కిందట, డెబ్భై ఎనిమిదిలో ఆమెకు కృష్ణగిరిలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. అప్పుడే దొడ్డమ్మ తన తమ్ముడు ముత్తప్పకు పిల్లనివ్వాలని పట్టుబట్టింది. తాంబూలాల రోజు అలివేలు సిగ్గు విడిచి అందరి ముందూ అడిగింది. "నాయనా, నువ్వు వద్దంటే ఎవురూ నన్ను బలవంతం చెయ్యరు. ఒక్క మాట చెప్పు." తిమ్మరాయప్ప రాయిలా కూర్చున్నాడు. ఆమె ఏడుస్తూ పెరట్లోకి పోయింది. కాసేపటికి తాంబూలాలు మార్చుకున్నారని ఎవరో వచ్చి చెప్పారు.

ముత్తప్ప చెడ్డవాడేం కాదు. ఫ్యాక్టరీకి పోతాడు, జీతం తెచ్చి చేతికిస్తాడు, పెళ్లాం మనసులో ఏముందో మాత్రం ఒక్కనాడూ అడగడు. అలివేలు కూడా తండ్రిని తిండీ నీళ్లూ గురించి తప్ప ఇంకేమీ అడగడం మానేసింది.

ఆ రోజు ఆస్పత్రిలో కొత్త డాక్టరు, చిత్తూరు వైపు మనిషి, తెలుగులోనే పలకరించాడు. "పేరేంటి పెద్దాయనా?"

"తిమ్మరాయప్ప సార్," అంది దొడ్డమ్మ.

"నువ్వుండమ్మా. ఆయన్ని చెప్పనీ."

అందరూ కాచుకున్నారు. బయట బస్సొకటి వచ్చి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. అప్పుడు వినిపించింది, సన్నగా, ఎత్తూ పల్లమూ లేకుండా. "తిమ్మరాయప్ప."

అలివేలు ఉలిక్కిపడింది.

"దీన్ని పార్కిన్సన్ అంటారు, నరాల జబ్బు," అన్నాడు డాక్టరు. "ఈయనలాంటి వాళ్లకు ముందు గొంతు తగ్గుతుంది. నోట్లోంచి మాట బయలుదేరడానికే ఆలస్యమవుతుంది. పోను పోను మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దవుతాయి. మొహం బిగుసుకుంటుంది కానీ, లోపల మనిషి అట్లాగే ఉంటాడు. మీరు అడిగేసి లేచిపోతే ఆయన జవాబు గోడకు చెప్పుకున్నట్టే. గొంతు ఎప్పటినుంచి తగ్గింది?"

"దీని పెండ్లికి ముందునుంచే," అనేసి దొడ్డమ్మ నాలుక కరుచుకుంది.

ఇల్లు చేరగానే అలివేలు తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఆ దినం నేను పెరట్లోకి పోయినాక నాయన ఏమన్నాడు?"

"ఏమంటాడు. సరే అన్నాడు."

"ఎవురు విన్నారు?"

"నేను విన్నాను. పక్కనే ఉంటిని కదా."

"నీ తమ్మునికి పిల్లనడిగిందీ నువ్వే, నాయన సరే అన్నాడని చెప్పిందీ నువ్వే."

దొడ్డమ్మ గొంతు పెంచింది. "అయితే ఇప్పుడేమంటావు? ముత్తప్ప నిన్ను కొట్టినాడా, తిట్టినాడా? తిండికి తక్కువ చేసినాడా?"

"నేనడిగింది అది కాదు."

అలివేలు తండ్రి ఎదురుగా నేలమీద కూర్చుంది. "నాయనా, ఆ దినం ఏమంటివి? నిదానంగా చెప్పు."

పొయ్యి మీద ఎసరు పొంగింది. ఆమె లేవలేదు. చివరికి ఆయన పెదవులు కదిలాయి. చెవి నోటికి ఆనించింది. గాలి తగిలింది, ఏవో శబ్దాలు తొక్కుకుంటూ వచ్చాయి, ఒక్క మాటా తేలలేదు. మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఆరేళ్ల కిందట కాస్త ఆగివుంటే వినబడేదేమో. ఇప్పుడు తెలుసుకోవాలంటే లోకంలో ఒక్క చెవే ఉంది, అది తల్లిది. అడగడానికి మనసు రాలేదు, అయినా అడిగింది.

"ఏమంటాండాడమ్మా?"

సరే అన్నానంటాడని చెప్తే అయిపోయేది. కాదనేవాళ్లు లేరు. దొడ్డమ్మ మొగుణ్ణి చూసింది, కూతుర్ని చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"'వద్దు, దాన్ని చదువుకోనీ అంటిని. నువ్వే నా మాట మింగేస్తివి' అంటాండాడు." ఆవిడ చెంగు దించింది. "దినమూ ఇదే తిడతాడు నన్ను. నేను మీకు చాలంటాడు, బాగుందంటాడు అని చెప్తాంటిని."

తన మీద తానే ఇంత చేదు కల్పించుకునేవాళ్లు ఉండరు. అలివేలు నమ్మింది. తల్లిని క్షమించిందా అంటే, లేదు. ఆ పూటకు చేతకాలేదు.

తిమ్మరాయప్ప పెదవులు మళ్లీ కదిలాయి.

"ఈడ కూర్చోమ్మా," అంది అలివేలు. "ఉండేది ఉన్నట్టు చెప్పు."

దొడ్డమ్మ వచ్చి మొగుడి నోటి దగ్గర చెవి పెట్టింది. చాలాసేపు విన్నది.

"'చెప్తాంటిని కదా బిడ్డా, అంతలోకే యాడికి పోతివి' అంటాండాడు."

అలివేలు తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి బావురుమంది.