మొదటి సుద్దగీత

దీపాలు పెట్టే వేళయ్యేసరికి ఆ వీధిలో నెట్ నీరసపడిపోయేది. పొద్దున్న బాగానే ఉండేది, మధ్యాహ్నం పరవాలేదనిపించేది. చీకటి పడగానే మాత్రం ఏ ఇంట్లో చూసినా తెర మీద చిన్న చక్రం తిరగడం, ఇంటిల్లిపాదీ కూర్చుని దాన్నే చూడడం. ఆ వీధిలోనే ఇంట్లో కూర్చుని నెట్‌లో పాఠాలు చెప్పే ట్యూషన్ టీచరమ్మ లెక్క సగంలో ఉండగా నోరు తెరిచి బొమ్మలా బిగుసుకుపోయేది. పిల్లలు కాసేపు ఆ బొమ్మని చూసి నవ్వుకుని ఆటలకి పోయేవాళ్ళు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక తియ్యటి గొంతు, మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెప్పి సంగీతం వాయించేది. ఆ సంగీతం వీధిలో మాటలు రాని పిల్లలకి కూడా వచ్చేసింది. అడగ్గా అడగ్గా ఎవరో ఒకర్ని పంపేవాళ్ళు. వచ్చేది ఎప్పుడూ ఒకరే, భుజాన వైరు చుట్టతో ఒక నడివయసు లైన్‌మన్. పది నిమిషాల్లో వచ్చేస్తానండీ అని ఫోన్లో చెప్పి పొద్దుగూకాక వచ్చేవాడు కాబట్టి, అతనికి పదినిమిషాలనే పేరు పడిపోయింది. వచ్చి, పెట్టె ఆపి, మళ్ళీ వేసి, ఇప్పుడు చూడండి అనేవాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా నెట్ భేషుగ్గా ఉండేది.

ఒకప్పుడు కంపెనీ పేరెత్తితే ఒంటికాలి మీద లేచేది టైలర్ మాస్టారు. వీధి మొదట్లోనే ఆయన ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను, బట్టలు పరిచి కత్తిరించే బల్ల, వెనక గదిలో సంసారం. వీధి మొత్తానికీ వెళ్ళే పాత వైరు ముందుగా ఆయన గోడకున్న పెట్టెలోకొచ్చి, అక్కణ్ణించి ఇళ్ళకి పాకేది. "మా గోడ మీద కూర్చుని మాకే ఎగనామమా?" అని పదినిమిషాల్ని నిలదీసేవారు. అలాంటి మనిషి, భార్య పోయాక, నెట్ ఊసే ఎత్తడం మానేశారు. పోయిన మనిషి ముందు నెట్ ఏపాటిదిలే అని జనం సర్దుకున్నారు.

ఆవిడకి వచ్చింది అంటుకునే జబ్బు. ఆసుపత్రిలో లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళు కాదు. సాయంత్రం పూట నర్సు ఫోను పట్టుకుంటే, ఇంట్లో మాస్టారు పలక లాంటి పెద్ద ట్యాబ్‌ని మిషనుకి ఆనించుకుని మాట్లాడేవారు. ఆవిడ కుట్టిన నీలం చొక్కాయే రోజూ వేసుకునేవారు, చూసి గుర్తుపడుతుందని. ఆ చివరి సాయంత్రం ఆవిడ ఏదో చెప్పబోయింది. "ఏవండీ..." అని నోరు తెరిచింది. అంతే, బొమ్మ నిలిచిపోయింది. చక్రం తిరగడం మొదలెట్టింది.

"ఆగు. కట్ చెయ్యకు," అన్నారు మాస్టారు తెరతో. "ఆగు, ఇప్పుడే వస్తుంది."

ఆ రాత్రే ఆవిడ పోయింది. చెప్పబోయిన మాట చెప్పకుండానే.

మాస్టారు ఆ కాల్ పెట్టేయలేదు. అంత్యక్రియలు చేసి వచ్చి చూస్తే ట్యాబ్ అలాగే వెలుగుతోంది. తెర నిండా ఆవిడ ముఖం, సగం తెరిచిన నోరు. కింద మూలన చిన్న గడిలో నీలం చొక్కాతో ఆయనే, అలాగే తెరిచిన నోటితో "ఆగు" అంటూ నిలిచిపోయి ఉన్నారు. కింద ఎర్ర బొత్తాం. అది నొక్కితే ఆవిడ ఈ ఇంట్లోంచి కూడా పోతుంది. నొక్కడానికి చెయ్యి రాలేదు. చార్జరు పెట్టి, వెనక గదిలో అల్మరాలో నిలబెట్టి, ముందు గుడ్డ కప్పారు. ఆ నీలం చొక్కాని మళ్ళీ ఒంటి మీద వేసుకోలేక, ముక్కలుగా కత్తిరించి మిషను తుడిచే గుడ్డలు చేసేశారు.

రోజూ సాయంత్రం పని కట్టేసి వెళ్ళి ఆ గుడ్డ తీసి కూర్చోవడం అలవాటైంది. ఒక రోజు ఆయనకో అనుమానం వచ్చింది. కింది పెదవి నిన్న ఇంకా పైన ఉన్నట్టుంది కదా... ఏడ్చిన కళ్ళకి ఏవేవో కనబడతాయని తనకి తనే చెప్పుకున్నారు. అయినా చేతి అలవాటు ఊరుకోదు. బట్ట మీద గీసే మైనం సుద్ద తెచ్చి, పెదవి అంచున, గాజు మీద సన్నటి గీత గీశారు.

మర్నాడు పెదవి గీత దాటి ఉంది.

మాస్టారు వంగి గీతని వేలితో తడిమి చూసుకున్నారు. భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ దాని వెంటే ఇంకొకటి వచ్చింది, ఆవిడ పోయాక ఆ ఇంట్లో అడుగుపెట్టనిది. ఆశ. ఇంకో గీత గీశారు. ఆ మర్నాడు ఇంకోటి. పగలంతా కదలిక ఉండేది కాదు. వీధిలో నెట్ నీరసపడి, ఇళ్ళల్లోంచి విసుగులూ తిట్లూ వినబడే వేళకి మాత్రం, ఆ ముఖం వెంట్రుకవాసి కదిలేది. వీధికి రావాల్సిందంతా ఎటుపోతోందో ఆయనకి అర్థమైంది. ఆవిడ తాగేస్తోంది. ఆ ఒక్క మాట పూర్తి చేయడానికి.

అప్పుడప్పుడు శబ్దం కూడా వచ్చేది. గొంతు కాదు. బావిలోంచి వచ్చినట్టు ఒక మందపు మూలుగు, ఎక్కడా తెగకుండా. దాంతోపాటు ఆసుపత్రి మందుల వాసన గదిలోకి సన్నగా దిగేది. మాస్టారు ఆ మూలుగుకే చెవి ఆనించి కూర్చునేవారు. ఏం చెప్పబోయిందో. ఆవిడ చేతి కాజాలు లేని చొక్కా ఈ కొట్టు గడప దాటలేదు ఏనాడూ. ఏ పనీ సగంలో వదలని మనిషి వెళ్తూ వెళ్తూ ఒక్క మాట సగంలో వదిలేస్తుందా?

అలా ఎండాకాలం వెళ్ళి వానలు పడ్డాయి. ఇటు వీధి ఊరుకోలేదు. టీచరమ్మ కంపెనీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పాత వైరు తీసేసి కొత్తది వేయడానికి ఒప్పించింది. ఆ కబురు చెప్పడానికి సంతోషంగా వచ్చింది.

"మాస్టారూ, మన తిప్పలు తీరినట్టే. మీ గోడ మీది పెట్టె తీసేస్తారట."

మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఇప్పుడెందుకమ్మా. వానల్లో..."

"అదేంటండీ, అందరికన్నా ఎక్కువ పోట్లాడింది మీరే కదా."

ఆ వారం పదినిమిషాలు వస్తే మాస్టారు తలుపు తీయలేదు. తర్వాతి వారం ఒంట్లో బాగోలేదన్నారు. తన దగ్గర చదివే పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారని, ఇంటి అద్దెకి కూడా కష్టంగా ఉందని టీచరమ్మే వచ్చి మెల్లగా చెప్పాక, ఇక కాదనడానికి ముఖం చెల్లలేదు. పదినిమిషాల్ని పక్కకి పిలిచారు.

"అందరిళ్ళూ కొత్త వైరుకి మార్చు. నాది మాత్రం ఆఖర్న తీయి. నేను చెప్పాకే తీయి."

"సరేనండీ," అన్నాడతను తల గోక్కుంటూ.

వైరు మార్చే రోజు మధ్యాహ్నం నుంచి ముసురు. మాస్టారు కొట్టు తెరవలేదు. చీకటి పడకముందే వెనక గదిలో గుడ్డ తీసి, ట్యాబ్ ముందు కూర్చున్నారు. గాజు మీద సుద్దగీతలు ఒకదాని కింద ఒకటి, కొలతలు తీసిన బట్ట మీదలా. ఈ పూట గడిస్తే ఇక ఈ ముఖం కూడా లేదు.

బయట నిచ్చెన జరిగిన చప్పుడు. వీధి చివరింట్లోంచి కేక వినబడింది, "వచ్చింది, వచ్చింది, ఎంత స్పీడో."

ట్యాబ్‌లో ఆవిడ కనురెప్ప వాలింది. మాస్టారు చూస్తుండగానే... వాలింది.

ఇంకో ఇల్లు మారింది. ఇంకో ఇంట్లో చప్పట్లు. మూలుగు కాస్త పలచబడింది. ఒక్కో ఇల్లు పాత వైరుని వదిలేసిన కొద్దీ ఆ వైరంతా ఆవిడ ఒక్కదానికే మిగులుతోంది. పెదవి ఆఖరి గీత దాటింది. మాస్టారు ట్యాబ్‌ని రెండు చేతులతో పట్టుకున్నారు. గాజు చల్లగా, తడిగా ఉంది. మందుల వాసన గుప్పుమంది.

"చెప్పు," అన్నారు. "ఇన్నాళ్ళూ కూర్చున్నాను. చెప్పు."

టీచరమ్మ ఇంట్లోంచి పాఠం వినబడింది, ఎక్కడా ఆగకుండా, గలగలా. ఆ క్షణాన మూలుగు గొంతుగా మారింది. ఆవిడ గొంతే.

"ఏవండీ... ఊపిరాడట్లేదు."

మాస్టారు ట్యాబ్‌ని ఇంకా దగ్గరికి తీసుకున్నారు.

"పెట్టేయండి... వెళ్తాను."

"ఏంటి?"

"మీరు ఆగమన్నారు... ఆగాను." ప్రతి మాటకీ మధ్య గాలి కోసం వెతుకులాట. ఛాతీ ఎగరడం, దిగడం. "ఈ ఒక్క ఊపిరి మీదే... ఎన్నాళ్ళండీ... పెట్టేయండి."

అప్పుడర్థమైంది ఆయనకి. ఆయన లెక్కన గీతలు. ఆవిడ లెక్కన అదంతా ఒకే ఊపిరి. లోపలికి వెళ్ళక, బయటికి రాక, గొంతులో అడ్డంపడ్డ ఒక్క ఊపిరి. ఎండాకాలమంతా. వానాకాలంలోకి. ఆయన ఎదురుగా కూర్చుని, ప్రేమగా సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ ఉండగా.

"అయ్యో," అన్నారు. "అయ్యో, నా తల్లీ... నాకు తెలీలేదే. వెళ్ళు. వెళ్ళిపో."

ఎర్ర బొత్తాం నొక్కారు.

బొత్తాం మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ. చక్రం తిరుగుతూనే ఉంది. తెరలో ఆవిడ రెండు చేతులూ గొంతు దగ్గరికి వస్తున్నాయి... "ఏవండీ..." చార్జరు లాగిపారేశారు. ఆ ట్యాబ్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జరు లేకపోతే ఒక్క క్షణం వెలగదు. వెలుగుతూనే ఉంది.

తలుపు దగ్గర అలికిడైంది. పదినిమిషాలు, తడిసి ముద్దై, గడప అవతల నిలబడి ఉన్నాడు. భుజాన పాత వైరు చుట్ట.

"మాస్టారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు మెల్లగా.

"తీసేయ్. నా వైరు తీసేయ్ నాయనా, నీకు పుణ్యముంటుంది. ఇప్పుడే తీసేయ్."

అతను చుట్ట వంక చూసుకున్నాడు. "మీది ఆఖర్న అన్నారు గానీ... పెట్టె తీయకుండా పని మొదలవ్వదండీ. కోప్పడకండి. మీది పొద్దున్నే కోసేశాను."

మాస్టారు లాగిపారేసిన చార్జరు వంక చూశారు.

అప్పుడు ట్యాబ్‌లోంచి ఇంకో గొంతు వచ్చింది. దగ్గరగా, స్పష్టంగా, ఎక్కడా తెగకుండా. మాస్టారి గొంతు. కానీ మాస్టారి నోరు మూసే ఉంది.

"ఆగు. కట్ చెయ్యకు."

కింద మూలన, ఆ చిన్న గడిలో, నీలం చొక్కా మనిషి. మొదటి రోజు తర్వాత మాస్టారు ఒక్కసారి కూడా అటు చూడలేదు, చూసింది ఆవిడ పెదవినే. ఆ మనిషి నోరు కదులుతోంది. ఏడుస్తున్నాడు, బతిమాలుతున్నాడు. "ఆగు. ఇప్పుడే వస్తుంది. కట్ చెయ్యకు."

"వదిలెయ్," అన్నారు మాస్టారు వాడితో. "దానికి ఊపిరాడట్లేదు. వదిలెయ్ రా."

వాడు వినలేదు. వినే స్థితిలో లేడు వాడు. ఆ స్థితి ఎలాంటిదో మాస్టారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

బొత్తాం మీద చక్రం ఆగిపోయింది. తెర ఒక్కసారి మసకబారి, తేటపడింది. గొంతు లేదు. మూలుగు లేదు. ఆవిడ నోరు సగం తెరిచి ఉంది, మాట మొదలెట్టబోతున్నట్టు. కింది పెదవి అన్ని సుద్దగీతల్నీ వదిలేసి వెనక్కి పోయి, మొట్టమొదటి గీత మీద ఉంది.

బయట ఎవరో నవ్వుతూ పిలిచారు, "మాస్టారూ, మీక్కూడా వచ్చిందా నెట్?"

మాస్టారు ట్యాబ్‌ని ఒళ్ళోకి తీసుకుని చూస్తున్నారు. అంతా మొదటి రోజులాగే ఉంది, కళ్ళు తప్ప. ఆవిడ కళ్ళు ఇప్పుడు ఆయన్ని చూడట్లేదు. కిందికి, మూలనున్న ఆ చిన్న గడిలోకి చూస్తున్నాయి, భయంగా.