మూడో అంతస్తు మీదుగా ఎక్కిన తీగ

కూతురికి సంబంధం చూడవయ్యా అంటే ద్రాక్షతీగకు పందిరి చూసే తండ్రిని ఏమనాలి? ఆ కూతురు నఫోసత్ చాలానే అనేది. మర్గిలాన్ నగరంలో ఆ నాలుగంతస్తుల భవనం మెట్లెక్కే వాళ్ళందరికీ ఆ మాటలు కంఠతా వచ్చు.

తండ్రి తుర్సునలీ ఆ తీగను కూతురు పుట్టిన ఏడాదే భవనం గుమ్మం పక్కన నాటాడు. అది గోడ పట్టుకుని, ఒక్కో బాల్కనీనీ పలకరిస్తూ నాలుగో అంతస్తులో అతని ఇంటికి చేరింది. ఏ అంతస్తులో వేలాడే గుత్తులు ఆ అంతస్తువాళ్ళవి. చాకిరీ మాత్రం తుర్సునలీది.

"వేసవిలో కందిరీగలు, చలికాలంలో కట్టెలు. నా గదికి వెలుతురే లేదు. ఆ తీగను పెంచినంత శ్రద్ధగా నన్ను పెంచుంటే ఈపాటికి అత్తారింట్లో కాపుకొచ్చేదాన్ని" అనేది నఫోసత్.

తుర్సునలీకి చెవుడు. అక్కర్లేని మాటలకు మాత్రమే.

ఆ మార్చిలో మూడో అంతస్తులోకి ఎల్యోర్, అతని తల్లి ముకర్రం దిగారు. ఎడారిలో గనుల ఊళ్ళో భర్త పోయిన నాటి నుంచి ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేది. పెట్టింది తినేది, పలికేది కాదు. ఆవిడ నోట ఒక్క మాట వినాలని కొడుకు ఉద్యోగం మార్చుకుని, ఆవిడ పుట్టిన ఊరికే తీసుకొచ్చాడు. ఇప్పుడతను ఈ నగరంలో నీళ్ళ పంపుల ఇంజనీరు.

దిగిన మర్నాడే పైకొచ్చి తలుపు కొట్టాడు.

"మీ తీగ ఎండిపోయింది. మా కిటికీకి అడ్డం. కోసేస్తాను."

నిజానికి నఫోసత్‌కు అతని నోట్లో పంచదార పొయ్యాలనిపించింది. కానీ మన ఇంటి మనిషిని మనం తిట్టుకోవచ్చు, పరాయివాడు తిడితే ఊరుకుంటామా?

"పంపుల ఇంజనీరు మీరేనా? నాలుగో అంతస్తుకు నీళ్ళెక్కక పొద్దున్నే బకెట్లు మోస్తున్నాం. ముందది చూడండి. తరవాత తీగకు డెత్ సర్టిఫికెట్ ఇద్దురుగాని."

"అది ప్రెషర్ సమస్యండీ. ఇది ఎండుకట్టె."

"ఎండిందని మీకెలా తెలుసు?"

"చూస్తే తెలీదూ? ఆకు ఒక్కటుందా? మా అమ్మకు కాస్త వెలుతురు కావాలి." అమ్మ మాట వచ్చేసరికి నఫోసత్ నాలుక చివరున్న తిట్టును మింగేసింది.

"ఒక్క కొమ్మ కోసి చూడమను" అన్నాడు లోపల్నుంచి తుర్సునలీ. ఇది మాత్రం బాగానే వినబడింది. "ఎండిందైతే మొదలంటా నరుక్కోమను. మాటంటే మాటే."

తెల్లారగానే తలుపు మళ్ళీ దబదబలాడింది. ఎల్యోర్ చేతిలో కత్తెర, ముఖం మీద నీళ్ళు.

"మీ బాల్కనీలో పైపు పగిలింది! మా కిటికీలోకి కారుతోంది!"

"కారడానికి పైపులో నీళ్ళేవీ? పదండి, చూద్దాం."

చూస్తే, పై బాల్కనీ పొడిగా ఉంది. మూడో అంతస్తు కిటికీ దగ్గరికి దిగితే, కోసిన కొమ్మ చివర ఒక చుక్క ఊరింది, మెరిసింది, రాలింది. వెంటనే ఇంకో చుక్క. ఎల్యోర్ వేలు పెట్టాడు. నాలుక మీద రాసుకున్నాడు.

"కింద మోటారు లేదు" అన్నాడు, మసీదులో మాట్లాడినట్టు మెల్లగా. "కరెంటు లేదు. మేం మోటారు మీద మోటారు పెట్టి ఎక్కించలేక చస్తున్నాం. ఇదేమో..."

నఫోసత్ బెరడు మీద అరచెయ్యి ఆనించింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న తీగే. తను బకెట్లతో ఆయాసపడుతూ మెట్లెక్కుతుంటే, గోడకు అవతల ఇది చప్పుడు లేకుండా భూమిలోంచి నీళ్ళు మోసుకొస్తోంది.

వెనక కుర్చీ కిర్రుమంది. ముకర్రం లేచి వచ్చింది. కొమ్మ కింద దోసిలి పట్టి, ఆ తడి చేతులతో నెరసిన జుట్టు నిమురుకుంది.

"గిన్నె పెట్టరా" అంది. "తీగ కన్నీళ్ళు నేలపాలు చేస్తావేం? ఆ పిల్లకు బారెడు జుట్టుంది, తలకు పోసుకుంటే మంచిది."

ఎల్యోర్ గిన్నె కోసం వెళ్ళి వంటింట్లోనే చాలాసేపు ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో గిన్నె బదులు జల్లెడ ఉంది.

ఆకులొచ్చాక మూడో అంతస్తు గదిలోకి వెలుతురు తగ్గలేదు, పచ్చబడింది. గోడల మీద, దుప్పటి మీద, ముకర్రం చెంపల మీద ఆ పచ్చదనం కదిలేది. ఆవిడ తన కుర్చీని తనే కిటికీవైపు తిప్పుకుంది. లేత ఆకుల్లో మాంసం చుట్టి దోల్మా వండి పైకి పంపేది. పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు కాబట్టి నఫోసత్ సమోసాల్లాంటి సమ్సాలు పెట్టేది. మోత ఎల్యోర్‌ది.

ఒకరోజు అతను ఖాళీ పళ్ళెం తెచ్చాడు.

"ఇదేం మర్యాదండీ?"

"పెట్టడానికి ఒక్క మాట ఉంది. నోరు రావట్లేదు."

"మీ ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమేనా?" అంది నఫోసత్, చెవుల దాకా ఎర్రబడి. "మీ అమ్మగారితో చెప్పించండి. ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నారుగా!"

గుత్తులు రంగు తిరిగేసరికి ముకర్రం రొట్టెలు పట్టుకుని మెట్లెక్కింది. "అన్నయ్యా, మీ పిల్లను మా వాడికివ్వండి."

రొట్టె విరిస్తే సంబంధానికి ఒప్పుకున్నట్టే. తుర్సునలీ రొట్టె చేతుల్లోకి తీసుకుని విరవకుండా కూర్చున్నాడు.

"సంబంధం చూడలేదంటుందమ్మా ఇది. తీగను మూడో అంతస్తు మీదుగానే ఎక్కించానా, లేదా?"

"నాదే తప్పు నాన్నా" అని తలుపు చాటున గొణిగింది నఫోసత్.

"ఆఁ? వినబళ్ళా."

"నాదే తప్పు!"

నాలుగంతస్తులకూ వినబడింది. రొట్టె ఫెళ్ళున విరిగింది. కింద కిటికీ దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డ పెళ్ళికొడుకు గొంతు ఆకుల్లోంచి పైకెక్కి వచ్చింది.

"నాది కూడా తప్పేనండీ! ఎండుకట్టె అన్నది నేనే!"