హారన్ తీగకు మూడు చిల్లులు

"హారన్ మళ్ళీ తనంతట తానే మోగిందా, మాస్టారూ?" అంది బర్నో, చేతిలోని టెస్ట్ ల్యాంపు కింద పెట్టకుండానే.

"మోగింది మేస్త్రీ గారూ. సరిగ్గా మా హెడ్‌మాస్టర్ వెనకాల."

"పాపం. మా షెడ్డుకి వచ్చేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది."

కోకంద్ ఊళ్ళో పాత కార్ల కరెంటు పని తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఎర్గష్ మేస్త్రీ, ఆయనకి చూపు మందగించింది. రెండోది ఆయన కూతురు బర్నో. ఆమె చూపుకి ఏ లోటూ లేదు, నాలుకకి అసలే లేదు.

జవ్లాన్ భూగోళం చెప్పే మాస్టారు. తాతగారి పాత వోల్గా కారుని తీసుకుని ఈ నెలలో రావడం ఇది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా బర్నో హారన్ మీట విప్పింది, రిలే చూసింది, తీగల చివరలన్నీ గీకి బిగించింది. కారు నిక్షేపంగా ఉంది. మాస్టారి మొహమే కాస్త వాడినట్టుంది.

"దేశాల సరిహద్దులన్నీ కంఠస్థమే కదా, మీ బడి దారి మాత్రం మాటిమాటికీ మర్చిపోయి ఇటే వస్తున్నారేమిటి?"

"కంప్లైంట్ నిజంగానే ఉందండీ."

ఆ మాట బర్నోకి నచ్చలేదు. కంప్లైంట్ నిజమైతే ఈయన వస్తున్నది కారు కోసం. అబద్ధమైతే తన కోసం. ఒక కారులో ఏ లోపమూ లేకపోతే బాగుండునని ఆమె మనసారా కోరుకోవడం ఇన్నేళ్ళ పనిలో ఇదే మొదటిసారి. పైగా ఆలోచించుకోవడానికి వ్యవధి కూడా లేదు. ఇవాళ శుక్రవారం. ఆదివారం పళ్ళ డాక్టరు తరఫువాళ్ళు సంబంధం మాట్లాడడానికి వస్తున్నారు. వాళ్ళ ముందు నాన్న రొట్టె విరిచాడంటే పిల్లని ఇచ్చేసినట్టే.

"ఆదివారం షెడ్డు మూసేస్తాం. మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, పళ్ళ డాక్టరు వాళ్ళు," అంది, తీగ చుడుతూ.

జవ్లాన్ కారు తాళాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఒక్కసారి మీరే నడిపి చూడండి. మోగకపోతే ఇంకెప్పుడూ రాను," అన్నాడు.

వీధంతా చూస్తుందని ఇన్నాళ్ళూ ఆ కారు ఎక్కలేదు బర్నో. ఇంకెప్పుడూ రానన్న మాట వినగానే వీధి సంగతి గుర్తు రాలేదు. స్టీరింగ్ ముందు కూర్చుంది. జవ్లాన్ పక్కన కూర్చున్నాడు.

టీకొట్టు దగ్గర మొదటి గుంటలో పడగానే హారన్ అందుకుంది. ఇంక ఆగలేదు. కోకంద్‌లో హారన్ ఆపకుండా పోయే కారు పెళ్ళికారే. బల్లల మీద కూర్చున్న ముసలాళ్ళు టీ గిన్నెలు దించి, రెండు చేతులూ పైకెత్తి, దీవెన పలికే పద్ధతిలో అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు.

"జంటగా ముసలివాళ్ళవండి, పిల్లలూ," అని ఒకాయన గొంతెత్తి దీవించాడు.

"పెళ్ళి కాదని చెప్పండి వాళ్ళకి," అంది బర్నో.

"ఈ మోతలో ఏం వినబడుతుందండీ," అన్నాడు జవ్లాన్. ఆ గొంతులో విచారమేమీ లేదు.

కాలవ గట్టున కారు ఆపి, బర్నో స్టీరింగ్ కిందికి దూరింది. ఆ బండిలో హారన్ తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలితే చాలు, మీట నొక్కినట్టే. వేళ్ళతో తీగ తడుముకుంటూ పోయింది. లోపలి రేకు మీద పరిచిన మందపాటి గుడ్డ మడత వెనక చల్లగా ఏదో తగిలింది, లాగింది. హారన్ ఠక్కున ఆగింది.

చేతిలో నీలం దిష్టిపూస కట్టిన పిన్నీసు. తీగలోంచి దూరి ఇనుముకి తగులుతున్నది అదే.

"మా బామ్మ పని. కారుకి దిష్టి తగలకూడదని గుచ్చింది," అన్నాడు జవ్లాన్.

కంప్లైంట్ నిజమేనన్నమాట. ఈయన వస్తున్నది కారు కోసమే. అయినా బర్నో అలవాటు చొప్పున టార్చి వేసి తీగ చూసింది. మూడు చిల్లులు. ఒకదానిలో రాగి చిలుము పట్టి పచ్చబడింది. మిగతా రెండింటిలోనూ కొత్తగా మెరుస్తోంది.

"మీ బామ్మగారికి చేతులు వణుకుతాయా?"

"లేదే."

"మరి మూడుసార్లెందుకు గుచ్చారు?"

జవ్లాన్ కాలవ కేసి చూశాడు. "బామ్మ ఒక్కసారే గుచ్చింది. రెండోసారి మీ దగ్గరికొచ్చి వెళ్ళాక ఇంట్లో ఆ పిన్నీసు నాకు దొరికింది. తీసేశాను. వారం రోజులు కారు కిక్కురుమనలేదు. ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. మళ్ళీ గుచ్చి మూడోసారి వచ్చాను. చెప్పలేక వెళ్ళిపోయి, ఇంట్లో మళ్ళీ తీసేశాను. ఇవాళ చెబుదామని ఇంకోసారి గుచ్చాను."

"ఇవాళ కూడా చెప్పలేదుగా."

"మీరంటే ఇష్టం. మీరు తిట్టినా వినాలనిపిస్తుంది."

"తిట్లకేం కొదవ లేదులెండి," అంది బర్నో. ఆ పిన్నీసు తీసుకుని అతని కాలర్‌కి పెట్టింది. "దిష్టి తగిలేది కారుకి కాదు. రేపే మీ బామ్మని మా ఇంటికి పంపండి. మా నాన్న ఒక రొట్టె రెండుసార్లు విరవడు."

"ఈ కారులోనే తీసుకొస్తాను. ఆ తీగకి టేపు చుడతారా మరి?"

బర్నో అతని కాలర్ నుంచి పిన్నీసు తీసి మళ్ళీ చిలుము పట్టిన చిల్లులోనే గుచ్చింది.

"రేపటి దాకా మోగనివ్వండి. టీకొట్టు ముసలాళ్ళకి మనం అబద్ధం చెప్పినట్టు కాకూడదు."