ఏడో ముఖం

అంగారకుడి మీది ఎర్రగట్టు కాలనీలో చట్టాలన్నీ ప్రాచీన గ్రీకులో రాస్తారు. ఏ భాషలో రాయాలన్న తగువు మూడేళ్లు నడిచింది. చివరికి ఎవరి అమ్మభాషా కానిదైతే ఎవరికీ కడుపుమంట ఉండదని తేల్చారు. అలా రెండున్నర వేల ఏళ్ల నాటి సర్వనామాలు బళ్లో పిల్లల ప్రాణానికి వచ్చాయి.

ఆ భాషలో 'హోస్' అనే మాట ఉంది. 'ఎవరైతే' అని అర్థం. లింగం, వచనం పుట్టింటి నుంచి, అంటే తాను సూచించే నామవాచకం నుంచి తెచ్చుకుంటుంది. విభక్తి మాత్రం అడుగుపెట్టిన వాక్యాన్ని బట్టి, అత్తింటి మర్యాద ప్రకారం మార్చుకుంటుంది. ఫలానా మనిషిని గురించి అయితే సాధారణంగా హోస్. ఎవరైనా సరే అనాలంటే 'హోస్తిస్'. చట్టంలో రెండోదే ఉండాలి. కాగితం మీద హోస్తిస్ రాసి మనసులో ఒక పేరు పెట్టుకోవడం మనుషులకు వెన్నతో పెట్టిన విద్య కనుక, ఐరావతి 'భావదర్శిని'ని కనిపెట్టింది.

అది తలకు తొడిగే పలచటి టోపీ. చట్టం చదువుతూ హోస్తిస్ దగ్గరికి రాగానే మెదడులో మెదిలిన ముఖాన్ని న్యూరల్ సిగ్నల్స్ నుంచి ఏరి తెర మీద గీస్తుంది. చట్టసభ సభ్యులు ఆరుగురూ, చివర యంత్రం నడిపే ఐరావతీ చదవాలి. ఏ ఇద్దరికైనా ఒకే ముఖం వస్తే చట్టం ఆ మనిషి మీద గురిపెట్టినట్టే. రద్దవుతుంది.

ఆ రోజు బిల్లు ఇది: "భూమికి పంపించవలెను, ఈ ఏడాదిలో అనుమతి లేకుండా గాలి వాల్వు తెరిచినవారు ఎవరైనా సరే."

తెరిచింది ఐరావతి భర్త మురహరి. ఒక రాత్రి ఆస్పత్రిలో పదకొండు మంది ఊపిరాడక కొట్టుకుంటుంటే, అనుమతి ఇవ్వాల్సిన సభాపతి పానకాలరావు ఫోనెత్తకపోతే, తెరిచాడు. ముప్పై రెండేళ్లు ఇక్కడ బతికిన ఆ గుండె భూమి బరువుకు రెండు రోజులు కూడా ఆగదని డాక్టర్లు చెప్పేశారు.

పానకాలరావు ముందు చదివాడు. తెర మీద మురహరి ముఖం, చెంప మీది పుట్టుమచ్చతో సహా వచ్చింది. ఆయన దగ్గి, "మీ మిషను పాతబడిందమ్మా" అన్నాడు.

ఇంకొక్కరికి ఆ ముఖం వస్తే చాలు.

తర్వాత సభ్యురాలు కనకదుర్గమ్మ చదివింది. ఆమె తోడికోడలు ప్రత్యక్షమైంది.

"ఆవిడ వాల్వు తెరిచిందా అండీ?" పక్కాయన అడిగాడు.

"తెరవలేదు. కానీ తెరిచే రకమే."

మిగతా నలుగురికీ ఒక అల్లుడు, ఒక పొరుగువాడు, ఒక డ్రిల్లు మేస్త్రీ, ఒక పాత స్నేహితుడు వచ్చారు. మురహరి ఎవరికీ రాలేదు. పానకాలరావుకు తప్ప అతని మీద ఎవరికీ కక్ష లేదు. మంచివాడు కావడమే అతని కొంప ముంచేలా ఉంది.

ఏడో వంతు ఐరావతిది. ముందు వరసలో కూర్చున్న మురహరి నవ్వాడు.

"కంగారుపడకు ఐరా. ఈ ముఖం రోజూ చూసేదేగా."

ఆమె టోపీ తొడుక్కుంది. పొద్దున టీ తాగుతున్న అతని ముఖాన్ని కళ్ల ముందు నిలుపుకుని చదవసాగింది. 'భూమికి పంపించవలెను' అన్న మాట నోటి వెంట వచ్చింది. ఆ రాత్రి ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తని ఫోను గుర్తొచ్చింది. అరక్షణమే. వెంటనే మురహరి ముఖాన్ని తిరిగి తెచ్చుకుంది. అప్పటికే హోస్తిస్ దాటిపోయింది.

యంత్రం చెప్పింది. "ఏడు పఠనాలు. ఏడు వేర్వేరు ముఖాలు. ఇది ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదు. అందరికీ వర్తిస్తుంది. ఆమోదం."

తెర మీద పానకాలరావు ముఖం ఉంది.

"ఇంకోసారి చదువుతాను" అంది ఐరావతి.

"రెండో పఠనం చెల్లదు. ఆ నిబంధన మీరు పెట్టిందే" అంది యంత్రం.

మురహరి తెర వంక చూసి, లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు.

"నన్ను కాపాడుకోవడం కంటే ఆయన్ని పంపించడమే ముందొచ్చిందన్నమాట."

కాదని చెప్పడానికి ఐరావతి నోరు తెరిచింది. టోపీ ఇంకా ఆమె తల మీదే ఉంది.