కూలర్ గడిలో యాభై ఎనిమిది

రవీందర్ బిడ్డ కంప్యూటర్‌కు జ్వరం చూస్తుందట. రోజూ మధ్యాహ్నం చూసి నోట్‌బుక్కులో రాసుకుంటుందట.

ఈ మాట పక్కింటి నిర్మల రేషన్ దుకాణం లైన్లో అన్నదట. ముందు నిలబడ్డ భద్రయ్య తాత దానికి ఇంకో ముక్క అతికించాడట. చూసుడే కాదు, గోలీలు కూడా వేస్తుందని. బియ్యం సంచితో ఇంటికొచ్చిన సుమన, సంచి దించకముందే బిడ్డను అడిగింది.

"ఏందే భావనా, కంప్యూటర్‌కు గోలీలేస్తున్నవట?"

"గోలీలు లేవు, ఏం లేవు. బడిల ప్రాజెక్టమ్మా," అంది భావన.

భావన చదివేది ఏడో తరగతి. ఊరు రఘునాథపల్లి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటుంది. సైన్సు చెప్పే గోవర్ధన్ సార్ క్లాసులో ఇద్దరికొకటి చొప్పున ప్రాజెక్టులు ఇచ్చాడు. భావనకు, రామికి వచ్చింది ఇది: ఇంట్లో కంప్యూటర్ ఎంత వేడెక్కుతుంది, ఏం చేస్తే చల్లబడుతుంది. క్లాసు మొత్తంలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నది వాళ్లిద్దరికే.

సార్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు.

"కంప్యూటర్ పెట్టెల లెక్కలు చేసే చిప్పు ఉంటది. దాన్నే ప్రాసెసర్ అంటరు. పని ఎక్కువైతే అది కాగుతది. దాని మీద సన్న సన్న రేకుల దిమ్మె, ఆ దిమ్మె మీద చిన్న ఫ్యాన్ ఉంటయి. రేకులు వేడిని గుంజుకుంటయి, ఫ్యాన్ బయటికి ఊదుతది. మరీ కాగితే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతది."

"ఎందుకు సార్?" అని అడిగింది రామి.

"కాలిపోకుండ. మనకన్న తెలివి దానికే ఎక్కువ. పెద్ద ఫ్యాన్లున్నయి, నీళ్ల గొట్టాలతోని చల్లజేసేటియి కూడా వచ్చినయి. అవన్నీ కొనుక్కునేటియి. మీరు ఇంట్ల ఉన్నయాటితోనే చూడుండ్రి."

రోజుకొక పద్ధతి. సోమవారం ఏమీ చేయకుండా చూడాలి. మంగళవారం పెట్టె పక్క రేకు విప్పి చూడాలి. బుధవారం రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. గురువారం ఎయిర్ కూలర్. లోపల దుమ్ము దులిపే పని మాత్రం వచ్చే వారం, సార్ ముందే. చెయ్యి తప్పితే పాడవుతుందని.

ఎప్పుడు చూసినా ఒకటే లెక్క. రెండు గంటలకు ఒకటే వీడియో అరగంట నడపాలి. తర్వాత డిగ్రీలు చూపించే చిన్న ప్రోగ్రాంలో అంకె చూసి గడిలో రాయాలి.

మూడు రోజుల్లో రామి ఇంటి అంకెలు ఇట్లా వచ్చాయి: ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై. భావన ఇంట్లోవి: తొంభై ఒకటి, ఎనభై ఐదు, డెబ్బై ఏడు.

భావనకు ఇది నచ్చలేదు. వాళ్ల కంప్యూటర్ రెండేళ్ల కింద జనగామలో కొత్తది కొన్నది. రామి వాళ్లది వాళ్లన్న బీక్యా హైదరాబాద్ నుంచి పాతది మోసుకొచ్చింది. కొత్తది పాతదానికంటే ఎక్కువ కాగుడేంది?

"మీ కంప్యూటర్ పత్తిల పండుకుంటది గద. గందుకే ఉక్కపోస్తుంది దానికి," అంది రామి నవ్వుతూ.

అది నిజమే. రేటు పెరుగుతుందని రవీందర్ పత్తి అమ్మకుండా ముందరి అర్రలో పోశాడు. పత్తి పైకప్పుకు రెండడుగుల కిందిదాకా ఉంది. కంప్యూటర్ అదే అర్రలో ఓ మూలకు ఉంది. వెనక జాలీకి తెల్లగడ్డం మొలిచినట్టు పత్తి పీచు పట్టింది. భావన మాత్రం గట్టిగా అనుకుంది, కూలర్ పెట్టిన రోజు చూపిస్తా అని. రామి వాళ్ల ఇంట్లో కూలర్ లేదు.

గురువారం ఆమె కూలర్‌ను అర్రలోకి నెడుతుంటే రవీందర్ చూశాడు.

"ఏయ్, అది ఇటు తేకు."

"ప్రాజెక్టు నాయినా. అరగంటనే."

"అరగంట గాదు, అరనిమిషం గూడ వద్దు. పత్తికి చెమ్మ తాకుతది. మార్కెట్ల మిషన్ పెట్టి తేమ చూస్తరు. ఎక్కువుంటే రేటు కోస్తరు. నీ ప్రాజెక్టు వచ్చి మాట్లాడుతదా ఆళ్లతోని?"

కూలర్ తిరిగి వసారాలోకి పోయింది.

భావన నోట్‌బుక్కు ముందు పెట్టుకుని కూర్చుంది. మూడు గడులు నిండాయి, నాలుగోది ఖాళీ. కూలర్ ముందు కూర్చుంటే మనిషికి చలి పెడుతుంది. కంప్యూటర్‌కు పెట్టదా? యాభై అని రాస్తే ఎవరూ నమ్మరు. అరవై అంటే అందాజుగా వేసినట్టు ఉంటుంది. యాభై ఎనిమిది అయితే కండ్లతో చూసి రాసినట్టు ఉంటుంది.

యాభై ఎనిమిది అని రాసింది.

శుక్రవారం సార్ నోట్‌బుక్కు చూశాడు.

"అబ్బో, కూలర్ గట్టిదే," అన్నాడు.

రామి ఆ గడిని చాలాసేపు చూసింది. "పక్క రేకు విప్పినవా, మూసినవా?" అని అడిగింది.

"మూసిన. నీళ్ల తుంపర పడితే ఎట్ల మరి?"

అడిగిన వెంటనే జవాబు వచ్చింది. భావనకే ఆశ్చర్యం వేసింది. రామి ఆ మాట కూడా తన పుస్తకంలో రాసుకుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రవీందర్ ఇంటి ముందు ఆటో ఆగింది. రామి, బీక్యా దిగారు. బీక్యా డిగ్రీ అయిపోయినవాడు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూనే కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నాడు.

"రవన్నా, ఒక్క పూటకు మీ కూలర్ కావాలె," అన్నాడు.

"ఏం కథ?"

"పదకొండింటికి ఒక కంపెనీ పరీక్షుంది. ఇంట్ల కూసోని కంప్యూటర్ల రాసుడే. ఒక్కసారే అవకాశం. నడుమల ఆగిందంటే మళ్లా లోపలికి రానియ్యరు. మా డబ్బా జర కాగుతది. టేబుల్ ఫ్యాన్ పెడ్తుంటి గని, భావన కూలర్ పెట్టి చూస్తే ఫ్యాన్ కన్న ఇంకా పంతొమ్మిది డిగ్రీలు తగ్గిందట గద."

"కూలరా? మా ఇంట్లనా?" రవీందర్ ధ్యాస ఇక్కడ లేదు. ఫోన్లో ఎవరో పత్తి బేరగాడు లైన్లో ఉన్నాడు. "సరే, తీస్కపో. నీళ్లు వంచి తీస్కపోండ్రి, లేకుంటే ఆటోల పారుతయి."

భావన గుమ్మంలో నిలబడి ఉంది.

"వస్తదా తమ్మీ ఉద్యోగం?" అని అడిగింది సుమన.

"వస్తే మంచిదక్కా. రాకపోతే ఉగాది అయినంక మళ్లా సెంట్రింగే."

కూలర్ ఆటో ఎక్కింది. రామి దాన్ని పడకుండా పట్టుకుని, భావన వైపు చూసి చెయ్యి ఊపింది. ఆటో మలుపు తిరిగింది.

"ఉప్మా చల్లారుతుంది, రా," అని పిలిచింది సుమన.

"ఆకలైతలేదు."

భావన కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. తర్వాత నోట్‌బుక్కు సైకిల్ బుట్టలో వేసుకుని రామి వాళ్ల తండా తొవ్వ పట్టింది.

తండా రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఆమె చేరేసరికి పది దాటింది. రామి ఇంట్లో అందరూ కంప్యూటర్ ఉన్న అర్రలోనే ఉన్నారు. రామి తండ్రి హీర్యా తలుపు పక్కన, తల్లి మంచం మీద కూర్చున్నారు. పెట్టె పక్క రేకుకు మరలన్నీ బిగించి ఉన్నాయి. ఎదురుగా కూలర్ బుస్సుమని ఊదుతోంది. అర్రంతా చల్లగా ఉంది. బీక్యా నమూనా పరీక్ష ఒకటి తెరిచి, కెమెరా, మైకు అన్నీ సరిగా నడుస్తున్నాయా అని చూస్తున్నాడు. ఒట్టి వీడియో కంటే ఇది కంప్యూటర్‌కు బరువు పని.

"భలే వచ్చినవ్. నువ్వే చూడు," అంది రామి.

చెప్పాలనే వచ్చింది భావన. ఇంతమంది ముందు నోరు రాలేదు. ఏమో, నిజంగానే చల్లబడుతుందేమో, జర చూద్దాం అనుకుంది.

అంకె ఎనభై మూడు ఉంది. ఎనభై ఎనిమిది అయింది. కూలర్ గాలి రేకుకు తగిలి పక్కలకు పోతోంది. లోపలికి పోయేది ఏమీ లేదు. తొంభై నాలుగు. తొంభై ఎనిమిది.

తెర నల్లబడింది.

బీక్యా మీట నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు.

"మీ ఇంట్ల యాభై ఎనిమిదే వచ్చె గద?" అంది రామి.

"రాలే," అంది భావన.

"రాలే అంటే?"

"కూలర్ పెట్టనే లేదు. పత్తికి చెమ్మ తాకుతదని నాయిన పెట్టనియ్యలే. ఉత్తగనే రాసిన."

రామి తల్లి తమ భాషలో ఏమైందని అడిగింది. రామి రెండు ముక్కల్లో చెప్పింది. ఆమె భావనను ఒకసారి చూసి, లేచి కూలర్ బంద్ చేసింది.

బీక్యా గడియారం చూశాడు.

"పదీ ఇరవై. తిట్టుడు తర్వాత. మీ సార్ నంబర్ ఉందా?"

నంబరు భావనకు నోటికే వచ్చు. బీక్యా ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. గోవర్ధన్ సార్‌కు జరిగింది చెప్పింది కూడా భావనే. సార్ నేరుగా పని సంగతి ఎత్తుకున్నాడు.

"ప్లగ్గు పీకుండ్రి మొదలు. రేకు విప్పుండ్రి. చిప్పు మీది ఫ్యాన్ కింద ఏం కనబడుతుంది?"

"దుమ్ము సార్. గొంగడి లెక్క పరుసుకుంది," అన్నాడు బీక్యా.

"అదే గొంతు మూసింది. తడిబట్ట పెట్టకండ్రి. ఫ్యాన్ తిరగకుండ వేలుతోని పట్టుకోని మెల్లగ ఊదుండ్రి. నోటితోని గాదు, ఉమ్మి పడ్తది. గాలి కొట్టేది ఏమన్నా ఉందా?"

"నా సైకిల్‌కు పంపుంది," అంది భావన.

బీక్యా వేలితో ఫ్యాన్ పట్టుకున్నాడు. రామి మెత్తని బ్రష్షుతో రేకుల సందుల్లో కదిలించింది. భావన పంపు కొట్టింది. దుమ్ము పొగలాగా లేచింది. హీర్యా తుమ్ముకుంటూ బయటికి పోయాడు. భావన కండ్లలో, ముక్కులో, నోట్లో మన్ను పడింది. ఆపమని ఎవరూ అనలేదు. ఆమె ఆపలేదు.

పది నలభై ఎనిమిదికి ప్లగ్గు పెట్టారు. పక్క రేకు విప్పి, పాత టేబుల్ ఫ్యాన్ పెట్టెకు మూరెడు దూరంలో పెట్టారు. బీక్యా మీట నొక్కాడు. తెర వెలిగింది.

పదకొండింటికి అందరూ బయటికి వచ్చి వేపచెట్టు నీడలో కూర్చున్నారు. పరీక్ష గంటన్నర. భావన కిటికీ వైపు చూడలేదు. రామి మాత్రం పది నిమిషాలకోసారి లేచి చూసొచ్చింది. అరవై నాలుగు. అరవై ఏడు. అరవై ఆరు. వచ్చి వాళ్లమ్మకు చెప్పింది. భావనకు చెప్పలేదు.

పన్నెండున్నర దాటాక బీక్యా బయటికి వచ్చాడు.

"మంచిగ రాసినవా?" అని అడిగాడు హీర్యా.

"రాసిన బాపూ. ఇగ వాళ్ల ఇష్టం. కంప్యూటరైతే ఆగలే."

రామి తల్లి అందరికీ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. భావన పళ్లెంలో కూడా రెండు రొట్టెలు వేసింది. భావన రెండూ తిన్నది.

తిన్నాక భావన బీక్యా దగ్గరికి పోయింది.

"బీక్యన్నా, కూలర్ ఇంకో రెండు గంటలుండనిస్తవా? నిజంగ ఎంతొస్తదో చూస్తా."

"ఉండనీ. ఆటో మూడింటికి వస్తది."

రెండు గంటలకు పక్క రేకు మూసి, కూలర్ పెట్టి, వీడియో నడిపారు. భావన నోట్‌బుక్కు తీసింది. యాభై ఎనిమిది మీద ఒకటే గీత కొట్టింది. అంకె కిందినుంచి కనబడుతూనే ఉంది. పక్కన "చూడకుండా రాసినది" అని రాసి, కింద సంతకం పెట్టింది.

"కాయితం ఖరాబైంది. కొత్తదాంట్ల రాసుకుంటే అయిపోతది," అన్నాడు బీక్యా.

"వద్దన్నా. సార్‌కు గిదే చూపిస్తా," అంది భావన.

అరగంట అయింది. వీడియో ఆగింది. భావన పెన్ను మూత తీసి, అంకె చూద్దామని తెర వైపు వంగింది. రామి తన కుర్చీ ముందుకు జరుపుకుని అడ్డంగా కూర్చుంది.

"అంకె నేను చూస్తా. నువ్వు రాయి."